తుండుగుడ్డ కింద చెయ్యి

గురువారం పొద్దుగూకితే మా ఆయన నాగలింగానికి ఆడవాళ్ళ మీద ఎక్కడలేని జాలి పుట్టుకొస్తుంది. మిగతా వారమంతా ఆ జాలిని ఏ మూటలో కట్టి దాస్తాడో, ఇన్నేళ్ళ కాపురంలో నేను కనిపెట్టలేకపోయాను. ఆ రోజు మాత్రం కింద మండీ ముందుగానే కట్టేసి, స్నానం చేసి, విభూతి పెట్టుకుని మేడెక్కి వస్తాడు. టీవీ మీద కప్పిన పూల గుడ్డను స్వయంగా తీసి మడతపెడతాడు. ఇంట్లో ఇంకే గుడ్డనూ ఆయన మడతపెట్టగా నేను చూడలేదు.

పట్నంలో ఈ చూలై పేటలో మా వీధికి మొదటి కలర్ టీవీ మాదే. కింద మిరపకాయల మండీ, పైన ఇల్లు. అటూ ఇటూ ఉన్న మండీల వాళ్ళంతా పెళ్ళాం బిడ్డలతో మా హాల్లోకి వచ్చి చేరతారు. ఢిల్లీ వాళ్ళు వేసే హిందీ సీరియల్ అది. బొంబాయిలో ఏదో పెద్ద కంపెనీ, అందులో మాలతి అని ఒక టైపిస్టు పిల్ల, ఆమెకొక మేనేజరు. మేనేజరుకు అద్దాల గది, తిరిగే కుర్చీ. మాలతి ఫైలు పట్టుకుని లోపలికి వెళ్ళగానే తలుపు దానంతటదే మూసుకుంటుంది. మేనేజరు కుర్చీలో ఒక చుట్టు తిరిగి నవ్వుతాడు. వెనకనుంచి సితార్ మోగుతుంది. సితార్ వినబడితే చాలు, మా హాల్లో ఉన్నవాళ్ళందరికీ ఆ పిల్లకు అన్యాయం జరగబోతోందని తెలిసిపోతుంది. మా ఆయన పైపంచె కొంగు కళ్ళ దగ్గరికి వెళుతుంది. ఇదే మన కోడంబాక్కం సినిమావాళ్ళు తీసి ఉంటే ఈపాటికి రెండు పాటలు వచ్చి ఉండేవి, ఏడవడానికి ఇంత తీరిక దొరికేది కాదు.

మా వీధిలో హిందీ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పెళ్ళికి ముందు మా నాన్న నా చేత రాష్ట్రభాష పరీక్ష దాకా చదివించాడు. ఆ చదువు ఇన్నేళ్ళకు ఇలా అక్కరకొచ్చింది. టీవీ పక్కన స్టూలు మీద కూర్చుని, మాలతి ఒక మాట అనగానే దాన్ని తెలుగు చేసి చెబుతాను. మేనేజరు మాటలు చెప్పేటప్పుడు నా వంకే కోపంగా చూస్తారు కొందరు. నేనేమో ఆ మాటలన్నీ నేనే అన్నట్టు తల దించుకుంటాను.

హాల్లో ఉన్న ఒక్క పేము కుర్చీ సుందరంగారిది. వీధిలో అందరికంటే పెద్ద కొనుగోలుదారు ఆయన. వర్తక సంఘానికి అధ్యక్షుడు కూడా. మాలతి కష్టానికి అందరికంటే ఎక్కువ రగిలిపోయేది ఆయనే. మేనేజరు కనబడితే చాలు, పళ్ళు పటపట కొరుకుతాడు. సీరియల్ అయిపోయాక కాఫీ తాగుతూ ప్రతివారమూ ఒకే తీర్పు చెబుతాడు.

“ఆఫీసంటే ఇంతే దా. గది కట్టి తలుపు పెట్టినాక ఇంకేమైతాది? మన మండీల్లో చూడు, తలుపే లేదు. అందరమూ ఒకే పరుపు మింద కూర్చుంటాము. మనకాడ ఇట్లాంటివి రానే రావు.”

అందరూ అవునవునని తలలూపుతారు. ఆడపిల్లతో తప్పుగా నడుచుకోవాలంటే అద్దాల గది ఉండాలి, తిరిగే కుర్చీ ఉండాలి, సితార్ వాయించేవాడుండాలి. ఈ మూడింట్లో మా వీధిలో ఒక్కటీ లేదు. కనుక మా వీధి పరమ పవిత్రమైనది. ఈ సంగతి రుజువు చేసి పెట్టినందుకు ఢిల్లీ వాళ్ళకు మేమంతా రుణపడి ఉన్నాం.

ఇక మా పరుపు సంగతి చెప్పాలి. మా మండీల్లో మిరపకాయల బేరం నోటితో జరగదు, చేతులతో జరుగుతుంది. సత్యవేడు వైపునుంచీ, నెల్లూరు వైపునుంచీ రైతులు సరుకు తెచ్చి మా మండీలో దించుతారు. కొనేవాళ్ళు వచ్చి పరుపు మీద కూర్చుంటారు. మధ్యలో తరగరి ఉంటాడు. అంటే బేరం కుదిర్చి, అందుకు తరగు అనే కమీషను తీసుకునేవాడు. అతను ఒక్కొక్క కొనుగోలుదారు చెయ్యి పట్టుకుని, రెండు చేతుల మీదా తుండుగుడ్డ కప్పేస్తాడు. కొనేవాడు ఆ గుడ్డ కింద తరగరి వేళ్ళు నొక్కి తన ధర చెబుతాడు. ఎన్ని వేళ్ళు నొక్కితే అంత ధర. అందరి చేతులూ పట్టుకున్నాక తరగరి, ఈ సరుకు ఫలానా ఆయనకు అని ఒక్క మాట అంటాడు. ధర మాత్రం పైకి అనడు, మండీ యజమాని చెవిలో చెబుతాడు. తుండు కింద జరిగినది తుండు కిందే ఉండాలి, బయటికి చెబితే వాడు తరగరే కాడు. ఇది మా వీధి ధర్మం. తాతలనాటి ధర్మం కావడంతో ఎందుకని అడిగినవాళ్ళు లేరు.

మా మండీకి తరగరి మునిస్వామి. ఆయన చెయ్యంటే వీధిలో అందరికీ నమ్మకం. పోయిన ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా అయిపోయింది. కొడుకులు లేరు. ఉన్నదల్లా కన్యక అనే కూతురు. చిన్నప్పటినుంచీ నాయన పక్కన కూర్చుని సరుకు చూసిన పిల్ల. కాయను విరిచి వాసన చూసి, ఇది ఏ ఊరిదో, ఎన్నాళ్ళు ఎండిందో చెప్పేది. ఇంటి అద్దె, నాయన మందులు, పొయ్యి మీదికి బియ్యం, అన్నీ ఆ తరగు మీదే నడవాలి. కాబట్టి నాయన బదులు తాను కూర్చుంటానని కన్యక సంఘాన్ని అడిగింది.

ఆడపిల్ల చెయ్యి మగవాళ్ళు ఎలా పట్టుకుంటారని సంఘం పెద్దలు తలలు పట్టుకున్నారు. ఎంతో ఆలోచించి చివరికి ఒక దారి కనిపెట్టారు. మునిస్వామి పరుపు మీద కూర్చోవాలి, కన్యక ఆయన పక్కన కూర్చుని చెయ్యి చాపాలి, తుండు మా ఆయన కప్పాలి. ఆ చెయ్యి కన్యకది కాదు, మునిస్వామిది. అలా అనుకుందామని అందరూ ఒప్పుకున్నారు. హైకోర్టు జడ్జీలకు కూడా తట్టని తీర్పు ఇది. ఆ రోజునుంచీ కన్యక కుడి చెయ్యి మునిస్వామిది. అన్నం తినేటప్పుడు మాత్రం మళ్ళీ ఆమెది.

మేడ మెట్ల మలుపులో ఒక కిటికీ ఉంది. అందులోంచి చూస్తే మండీ పరుపంతా కనిపిస్తుంది. మా ఇంటి ఆడవాళ్ళు వ్యాపారం వేళ కిందికి దిగకూడదు, కిటికీలోంచి చూడవచ్చు. బేరాలైపోయాక కన్యక పైకి వచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళేది. కొన్నాళ్ళుగా వచ్చీ రాగానే కుళాయి దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కోవడం మొదలుపెట్టింది. మిరపకాయల ఘాటు కదా అనుకున్నాను. ఒకరోజు చూస్తే చెయ్యి ఎర్రగా కందిపోయినా ఇంకా తోముతూనే ఉంది. సబ్బు లాక్కుని ఏమైందని అడిగాను.

సుందరంగారు చెయ్యి వదలడం లేదట. ధర చెప్పేదానికి క్షణం పడుతుంది. ఆయన ధర చెప్పేశాక కూడా పట్టుకునే ఉంటాడు. అరచేతిలో వేలితో రాస్తాడు, మణికట్టు దాకా పోతాడు, పైకి మాత్రం ఎదుటివాళ్ళతో వానల గురించి మాట్లాడుతుంటాడు. చెయ్యి లాక్కుంటే తుండు జారిపోతుంది, తుండు జారితే బేరం చెడినట్టు. పక్కనే నాయన కూర్చుని ఉంటాడు. ఆయనకు తెలిస్తే ఉన్న ప్రాణం కాస్తా పోతుందని కన్యక నోరు మూసుకుని కూర్చుంటోంది.

“ఆయన్ని నేను పెద్నాయినా అని పిలస్తా పిన్నమ్మా” అంది. ఏడవకుండానే మళ్ళీ సబ్బు కోసం చెయ్యి చాపింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆయనకు చెప్పాను. చేతిలోని ముద్ద చేతిలోనే ఆగిపోయింది. జాలి వచ్చిందనుకుని ఒక క్షణం సంతోషపడ్డాను. అంతా విని, ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా అని అడిగాడు. లేదన్నాను. అయితే సరే అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నేను ఊరుకోలేదు. సంఘంలో పెడతారా, లేక నన్నే గురువారం అందరి ముందూ చెప్పమంటారా అని అడిగాను. గురువారం అనేసరికి భయపడి ఆదివారం సంఘాన్ని పిలిపించాడు.

విచారణ మా హాల్లోనే జరిగింది. టీవీ మీద పూల గుడ్డ కప్పి ఉంది. సంఘం అధ్యక్షుడు సుందరంగారు కాబట్టి విచారణకు కూడా ఆయనే అధ్యక్షత వహించాడు. తన మీద వచ్చిన ఫిర్యాదును తానే చదివి వినిపించి, తానే చాలా విచారం వెలిబుచ్చి, తానే తనను జవాబు చెప్పమన్నాడు. పేము కుర్చీలోంచి లేవనవసరం కూడా లేకపోయింది. కన్యక గడప దగ్గర నిలబడింది. నేను వంటింటి వాకిట్లో నిలబడ్డాను.

“నేను పట్టుకున్నది మునిస్వామి చెయ్యి” అన్నాడు సుందరంగారు. “ఆ పొద్దు అందరమూ చేరి అనుకున్నది అదే కదా. ముప్పై ఏండ్లుగా పట్టుకున్న చెయ్యి. ఇప్పుడు పట్టుకుంటే తప్పేంది?”

పెద్దలకు ఇది చాలా సబబుగా తోచింది. చెయ్యి ఎవరిదో వాళ్ళనే అడగాలి కదా. మునిస్వామిని ముందుకు తెచ్చి కూర్చోబెట్టి, నీ చేతిని సుందరం తప్పుగా పట్టుకున్నాడా అని అడిగారు. కూతురు ఎంత దాచినా ఆ ప్రశ్నతో మునిస్వామికి అంతా అర్థమైపోయింది. ఏదో చెప్పబోయాడు. నోట్లోంచి మాట రాలేదు, కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి. పాపం జబ్బు మనిషి, అలసిపోయాడని పెద్దలే నిర్ణయించి పక్కన కూర్చోబెట్టారు. ఆ క్షణంలో నా చేతిలో వేడి కాఫీ గిన్నె ఉంది. దాన్ని ఏం చేయాలనిపించిందో ఇక్కడ రాయను.

చివరికి మా ఆయన లేచాడు. ఎంతైనా కన్యక మా మండీలో పనిచేసే పిల్ల, ఆమె తరపున ఒక మాట అంటాడని చూశాను.

“సీరియల్లో అయితే మనమందరమూ కండ్లారా చూసినాము” అన్నాడు. “ఈడ ఎవరు చూసినారు? తుండు కింద ఏమి జరిగిందో దేవుడికి దా తెలుసు.”

ఎవరైనా చూశారా అని సుందరంగారు సభను అడిగాడు. ఎవరూ చూడలేదు. ఒక్కొక్కరినే పేరుపెట్టి అడిగాడు. ఒక్కొక్కరూ లేదన్నారు. కాబట్టి ఏమీ జరగలేదని తేలింది. పైగా తుండు కింది సంగతి బయటపెట్టినందుకు తప్పు కన్యకదే అని కూడా తేలింది. ఈసారికి క్షమిస్తున్నామనీ, మళ్ళీ నోరెత్తితే ఆ తరగు ఇంకొకరికి ఇచ్చేస్తామనీ చెప్పి పంపారు. తరగు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అందరూ కాఫీ తాగి వెళ్ళారు, రెండోసారి కూడా అడిగి తాగారు.

ఆ తర్వాతి గురువారం మామూలుగానే హాలు నిండింది. కన్యక కూడా నాయనను వెంటబెట్టుకుని వచ్చి ఆడవాళ్ళ వెనక గోడకానుకుని కూర్చుంది. రాకపోతే ఇంకేం అనుకుంటారోనని వచ్చి ఉంటుంది. ఆ వారం మాలతి కంపెనీ యజమానికి ఫిర్యాదు చేస్తుంది. యజమాని మేనేజరును పిలిపిస్తాడు. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, టెలిఫోనులో ఏదో అన్నాడు. తెలుగు చెప్పమని అందరూ నా వైపు తిరిగారు. నాలో ఏదో తెగింది. నా నోటికి వచ్చింది చెప్పేశాను.

“ఎవరు చూశారు? ఈ గదిలో ఏం జరిగిందో దేవుడికే తెలుసు. ఇక్కడి సంగతి బయట పెట్టడమే ఈ పిల్ల తప్పు. మళ్ళీ నోరెత్తితే ఈమె చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాం.”

హాలు అట్టుడికిపోయింది. ఇంత నీచుడు భూమ్మీద ఉంటాడా అని ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. సుందరంగారు పేము కుర్చీలోంచి సగం లేచి, ఇట్లాంటివాణ్ణి చెప్పుతో కొట్టాలన్నాడు. మా ఆయన పైపంచె కొంగు మళ్ళీ కళ్ళ దగ్గరికి వెళ్ళింది.

“దేవుడి పేరు ఎత్తేదానికి వాడికి నోరెట్లా వచ్చిందే?” అని నన్నే అడిగాడు. నాకూ అదే సందేహమని చెప్పాను.

అందరూ వెళ్ళిపోతుంటే కన్యక మెట్ల దగ్గర ఆగింది. ఆ మేనేజరు నిజంగా అవే మాటలన్నాడా అని అడిగింది. లేదు, కారు వాకిట్లోకి తెమ్మని డ్రైవరుకు చెప్పాడన్నాను. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వింది. నవ్వి, మళ్ళీ ఆలోచనలో పడింది.

“అంతమందీ నమ్మినారు చూసినావా పిన్నమ్మా. కండ్ల ముందర కనిపించింది కాబట్టి దా నమ్మినారు” అంటూ నాయన చెయ్యి పట్టుకుని మెల్లగా దిగిపోయింది.

ఆ మాటలు మీవేనని మా ఆయనకు చెప్పాను. దాచడం నాకు చేతకాదు. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను, సిగ్గు పడతాడేమోనని కాస్త ఆశ కూడా పడ్డాను. ఆయన తాపీగా పూల గుడ్డ విప్పి టీవీ మీద కప్పాడు.

“అది కత. ఇది వ్యాపారం” అన్నాడు.

అంతకంటే వివరంగా నాకెవరూ ఇంతవరకూ చెప్పలేదు. కథలో ఆడపిల్లకు అన్యాయం జరిగితే ఏడవాలి. వ్యాపారంలో జరిగితే తుండు సర్దాలి.

మళ్ళీ సరుకు వచ్చిన రోజు పొద్దున మండీ నిండా రైతులు. సత్యవేడు వెంకటాచలం పెద్ద లోడు తెచ్చాడు. ఏళ్ళ తరబడి మా మండీకే వేస్తున్న మనిషి. మూటల మీద ఒక చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు. పరుపు మీద కొనేవాళ్ళంతా చేరారు. మునిస్వామిని తెచ్చి కూర్చోబెట్టారు. పక్కన కన్యక కూర్చుంది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆ పిల్ల కళ్ళు చూస్తే నాకు భయం వేసింది, ఇవాళ తరగు పోగొట్టుకునే పని ఏదో చేయబోతోందని.

అధ్యక్షుడు కాబట్టి మొదటి చెయ్యి సుందరంగారిది. ఆయన చెయ్యి చాపాడు. కన్యక తన చెయ్యి ఇచ్చింది. మా ఆయన తుండు కప్పాడు. సుందరంగారు ఎదుటివాళ్ళతో ఈ ఏటి వానల గురించి మొదలుపెట్టాడు. కన్యక కాసేపు ఊరుకుంది. తర్వాత ఎడమ చేత్తో తుండు కొస పట్టుకుని లాగేసింది.

సుందరంగారి వేళ్ళు ఆ పిల్ల మణికట్టు మీద ఉన్నాయి, ధర చెప్పే చోట కాదు. ఒక్క క్షణం ఆయనకు తుండు లేదని తెలియలేదు. వానల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. తెలియగానే చెయ్యి వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. కన్యక తుండును మడతపెట్టి నాయన ఒడిలో ఉంచింది.

“ఎవరూ చూడలేదు అన్నారు కదా” అంది. “ఇంక మీదట అందరూ చూస్తా ఉండండి. ఎవరి చెయ్యీ నాకు వద్దు. ధర నోటితో చెప్పండి.”

నవ్వాలో కోప్పడాలో తెలియక పరుపు మీది వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వెనక వరుసలో ఉన్న ఒక చిన్న వ్యాపారికి ఈ తాతలనాటి ధర్మాలు అంతగా వంటబట్టలేదు. సరుకు కావాలి కాబట్టి ధర చెప్పేశాడు. కన్యక ఆ ధరను గొంతెత్తి అందరికీ వినబడేలా చెప్పి, ఇంకా పైన ఎవరని అడిగింది. ఇంకొకడు పెంచాడు. దాన్నీ చెప్పింది.

అప్పుడు వెంకటాచలం మూట మీదనుంచి చెయ్యి తీశాడు.

“ఏమండీ నాగలింగంగారూ, మూట ఇంత పలకతాదా?” అని అడిగాడు. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలియక అడిగినట్టుంది. “ఇట్లాంటి కాయే పోయినసారి తెస్తే, మార్కెట్టు పడిపొయ్యిందని ఇందులో సగం కంటే కొంచెం జాస్తి ఇచ్చినారే.”

కిటికీ దగ్గర నాకూ అప్పుడే అర్థమైంది. కొనేవాడు తుండు కింద ఒక ధర చెబుతాడు. మా ఆయన రైతుకు ఇంకో ధర చెబుతాడు. ఆ రెండింటికీ మధ్య ఉన్నదంతా మేడ మీదికి వస్తుంది. మా టీవీ అక్కడినుంచే వచ్చింది, నా గాజులూ అక్కడినుంచే వచ్చాయి. వీధిలో ఏ మండీ చూసినా ఇదే కథ. తాతలనాటి ధర్మం ఎందుకు పుట్టిందో ఇన్నాళ్ళకు తెలిసింది. చేతికున్న గాజులు చేతికే బరువయ్యాయి.

రైతులు ఒకరొకరే వెంకటాచలం చుట్టూ చేరసాగారు. పక్క మండీలో సరుకు దించుతున్న రైతులు కూడా మూటలు అక్కడే వదిలి వచ్చేశారు. అప్పుడు చూడాలి మా సంఘాన్ని. ఆడపిల్ల చెయ్యి సంగతికి ఆదివారం రావాలి, రాహుకాలం పోవాలి, కాఫీ కాగాలి. ధర సంగతికి అవేవీ అక్కరలేకపోయాయి. పెద్దలంతా చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తుకొచ్చి, మా మండీ వెనక గోడౌనులో నిలబడే సమావేశమైపోయారు. ఆ గోడౌను మెట్ల కిందే. ప్రతి మాటా నాకు వినబడింది.

సుందరంగారిని అధ్యక్ష పదవినుంచి తీసేశారు. ఆయన ఏదో అనబోతే నోరు మూసుకోమన్నారు. ఇక మీదట ఆయన కన్యక దగ్గర బేరానికి కూర్చోకూడదు, ఇప్పుడే అందరి ముందూ తాంబూలం పెట్టి ఆ పిల్లను క్షమాపణ అడగాలి. తరగు కన్యకదే, ఆమె ఉన్నన్నాళ్ళూ ఆమెదే. ఇవన్నీ కాఫీ నీళ్ళు కాగేంతలోపే తీర్మానమైపోయాయి. మాలతికి ఇన్ని వారాలుగా దొరకని న్యాయం కన్యకకు నిలబడ్డ పళాన దొరికేసింది. ఢిల్లీ వాళ్ళు మా వీధికి వచ్చి నేర్చుకోవాలి.

అందరూ బయటికి వచ్చి కన్యక ముందు నిలబడ్డారు. సుందరంగారు తాంబూలం పళ్ళెం పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. సంఘం తరపున మాట్లాడే బాధ్యత మా ఆయన మీద పడింది.

“నీకు అన్యాయం జరిగింది, నిజమే దా తల్లీ” అన్నాడు. “మేము చూడకపోలేదు. వాడు నీ చెయ్యి వదలకుండా కూర్చునేది, నీ ముఖం మారిపొయ్యేది, అన్నీ చూసినాము. అందరమూ సాక్షి చెప్తాము. ఇంక ఆ తుండు మాత్రం వేసెయ్యి.”

నేనూ చూశానని ఒకాయన అన్నాడు. నేనూ, నేనూ అని ఇంకో ఇద్దరు. ఆదివారం పేరుపెట్టి అడిగితే ఒక్కడికీ కనబడనిది ఇప్పుడు అందరికీ కనబడింది. ఎవరు ముందుగా చూశారో చెప్పుకోవడంలో ఒకరినొకరు తోసుకున్నారు కూడా.

కన్యక వాళ్ళందరినీ ఒక్కొక్కరిగా చూసింది. ఆ పిల్ల ముఖంలో గెలిచిన సంతోషం వస్తుందని నేను కాచుకుని ఉన్నాను. రాలేదు. ఆదివారం గడప దగ్గర నిలబడ్డప్పుడు కూడా తడవని కళ్ళు ఇప్పుడు నిండాయి.

“మీరెవరూ చూడలేదు అనుకొని దా ఇన్ని నాళ్ళు ఓర్చుకున్నా చిన్నాయనా” అంది. “చూసే ఉండినారా?”

మునిస్వామి తన ఒడిలోని తుండును మంచి చేత్తో తీసి పరుపు కిందికి తోసేశాడు. కన్యక కళ్ళు తుడుచుకుని, వెంకటాచలం మూటల వైపు తిరిగి, ఆగిపోయిన ధర దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది. తాంబూలం పళ్ళెం సుందరంగారి చేతుల్లోనే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ దించాలో ఆయనకెవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చాడు. అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. వ్యాపారం మునిగిందని, ఆ పిల్లకు నువ్వైనా బుద్ధి చెప్పమని, నీ మాటైతే వింటుందని అన్నాడు. నేను వడ్డించడం ఆపి ఎదురుగా కూర్చున్నాను. సంఘాన్ని కాపాడుకోవడానికి అలా అన్నారా, నిజంగానే చూశారా అని అడిగాను.

“చూసినా” అన్నాడు.

ఎప్పటినుంచీ అన్నాను. మజ్జిగ అడిగాడు, నేను కదల్లేదు.

“మొదటి రోజు నుంచీ” అన్నాడు.

పరాయి ఊరి పిల్ల బొమ్మను చూసి ఏడ్చే మనిషి కదా, దగ్గరి పిల్లకు కష్టమైతే కళ్ళారా చూడక ఊరుకున్నాడేమోనని నేను ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. చూడకపోవడమే అయితే క్షమించగలిగేదాన్ని. మజ్జిగ గిన్నె ఆయన చేతికి అందే చోట పెట్టి, లేచి మెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళాను. కింద కన్యక ఇంకో లోడుకు ధర చెబుతోంది. గొంతు కొంచెం బొంగురుపోయింది, కానీ వీధి చివరిదాకా వినబడుతోంది.